డస్టర్ డైరీ: టైర్లు, బెల్టులు కొలిచి మార్చిన లెక్క

కారు: రెనో డస్టర్ 85 పీఎస్ డీజిల్, 2014 తయారీ. ఇంజిన్ 1.5 లీటర్ కే9కే. టైరు సైజు 215/65 ఆర్16. పని మొదలుపెట్టింది 2025 ఏప్రిల్‌లో, అప్పటికి రీడింగ్ 96,300 కి.మీ. మాది ఒంగోలు. బండి ఎక్కువగా తిరిగేది 16వ నంబరు జాతీయ రహదారి మీద, గుంటూరు వైపో నెల్లూరు వైపో.

ఇదే ఇంజిన్ నిస్సాన్ టెరానో, సన్నీ, మైక్రా డీజిల్ బళ్లలోనూ, రెనో లాడ్జీలోనూ, మహీంద్రా వెరిటోలోనూ ఉంది. కాబట్టి బెల్టుల భాగం వాళ్లకీ పనికొస్తుంది. టైర్ల భాగం ఏ కారుకైనా ఒకటే.

"టైర్లు ఇంకో ఏడాది లాగుతాయి సార్", "బెల్టు బాగానే ఉంది, లక్ష దాటాక చూద్దాం". ఏ షెడ్డుకెళ్లినా ఈ రెండు మాటలే వినిపించాయి. అలా చెప్పినవాళ్లలో ఒక్కరూ గేజ్ తీయలేదు, తేదీ చూడలేదు. మే నెల ఎండలో హైవే మీద ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని వెళ్లే బండి ఇది. కంటిచూపు అంచనా మీద దాన్ని వదిలేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ప్రతి భాగానికీ ఒక కొలతో ఒక తేదీయో పెట్టుకుని నిర్ణయం తీసుకున్నాను.

స్టేజ్ 1: లోతు కొలవడం

ముందు కొన్నది టైరు గాడి లోతు కొలిచే 450 రూపాయల డిజిటల్ ట్రెడ్ గేజ్. ఒకే గాడిలో ఒకే చోట పెడితే ఒకసారి 2.4, ఇంకోసారి 2.9 చూపించింది. అద్దం మీద బోర్లించి సున్నా చేసి చూసినా అదే తంతు. కాలు సన్నగా ఉండి పక్కకు ఊగుతోంది, ప్లాస్టిక్ పాదం టైరు వంపు మీద సరిగ్గా కూర్చోవడం లేదు. అరమిల్లీమీటరు తేడా ఇచ్చే గేజ్‌తో ఈ పని జరగదు. దాన్ని పక్కన పడేసి, బ్యాటరీ లేని మామూలు స్లైడ్ గేజ్ 180 రూపాయలకు తెచ్చాను. అద్దం మీద సున్నా, మళ్లీ మళ్లీ కొలిచినా 0.1 మి.మీ. లోపే తేడా. మీరు నేరుగా ఇలాంటిదే కొనండి.

కొలిచే పద్ధతి:

1. బండి చదునైన చోట పెట్టి, ముందు చక్రాలు పూర్తిగా ఒక పక్కకు తిప్పాలి. లోపలి అంచు అప్పుడే కనిపిస్తుంది.
2. గాడిలో ఇరుక్కున్న రాళ్లు తీసేయాలి.
3. గాడి అడుగున అక్కడక్కడా చిన్న అడ్డకట్టలు ఉంటాయి. అవి అరుగుదల గుర్తులు. వాటి మీద గేజ్ పెట్టకూడదు, పెడితే లోతు తక్కువ చూపిస్తుంది.
4. లోపలి గాడి, మధ్య గాడి, బయటి గాడి మూడూ విడివిడిగా కొలవాలి. టైరు చుట్టూ వేర్వేరు చోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చింది రాసుకోవాలి.

నాకొచ్చిన కొలతలు (లోపల / మధ్య / బయట, మి.మీ.):

- ముందు ఎడమ: 1.8 / 3.2 / 3.5
- ముందు కుడి: 2.3 / 3.2 / 3.5
- వెనుక ఎడమ: 4.4 / 4.5 / 4.3
- వెనుక కుడి: 4.5 / 4.6 / 4.4
- స్టెప్నీ: 7.7 అంతటా

మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకు కనీస లోతు 1.6 మి.మీ. టైరులోని అడ్డకట్టల ఎత్తు కూడా అంతే. రబ్బరు ఆ కట్టలతో సమానమైందంటే ఆ టైరు గడువు అయిపోయినట్టే. అయితే 1.6 అనేది చట్టం గీసిన చివరి గీత. గాడి లోతు తగ్గేకొద్దీ నీళ్లను పక్కకు నెట్టే శక్తి తగ్గిపోతుంది. మా వైపు అక్టోబర్, నవంబర్ తుపాను వానలకు రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. అందుకని నా గీత 3.0 దగ్గర పెట్టుకున్నాను.

ముందు టైర్లు వేయించినప్పుడు రీడింగ్ 52,300. అంటే 44,000 కి.మీ. తిరిగాయి. కొత్తప్పుడు 8.0 అనుకుంటే మధ్య గాడి 4.8 మి.మీ. అరిగింది, వెయ్యి కిలోమీటర్లకు సుమారు 0.11. ఆ లెక్కన 1.6కి చేరడానికి ఇంకా 14,600 కి.మీ. ఉంది. "ఏడాది లాగుతుంది" అన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది, ఎందుకంటే నిలబడి చూస్తే కనిపించేది మధ్య గాడి, బయటి అంచు మాత్రమే. ఎడమ టైరు లోపలి అంచు 6.2 మి.మీ. అరిగింది, వెయ్యికి 0.14. మిగిలింది 0.2 మి.మీ. అంటే 1,400 కి.మీ. ఒకే టైరు, రెండు లెక్కలు. నడపాల్సింది చిన్న లెక్క ప్రకారం.

ఖర్చు: పనికిరాని గేజ్ 450, స్లైడ్ గేజ్ 180, గాలి గేజ్ 700. ఇప్పటికి మొత్తం: ₹1,330

స్టేజ్ 2: లోపలి అంచు ఎందుకు పోయింది?

కారణం పట్టుకోకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే పోతాయి. ముందు గాలి సంగతి చూశాను.

బంకులో మెషీన్ 33 చూపించిన టైరుకు అక్కడికక్కడే నా గేజ్ పెడితే 29 వచ్చింది. ఎవరిది తప్పో తేల్చుకోవడానికి టైర్ల షాపులో పెద్ద డయల్ గేజ్‌తో నాది సరిపోల్చాను, 1 పీఎస్ఐ లోపే తేడా. అంటే ఇన్నాళ్లూ గాలి తక్కువగానే తిరిగింది. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెలు చల్లటి టైరుకు చెప్పినవి. వేడి 5-6 డిగ్రీలు పెరిగితే సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. హైవే మీద గంటసేపు నడిపాక చూస్తే నాలుగైదు ఎక్కువ ఉండటం మామూలే. "గాలి ఎక్కువైంది" అని అప్పుడు తీసేస్తే, మర్నాడు పొద్దుటికి తక్కువ గాలితో మిగులుతారు. మన ఎండల్లో టైరు పేలడానికి ఎక్కువసార్లు కారణం తక్కువ గాలే. పక్కగోడ ఎక్కువగా వంగి, లేచి, లోపల వేడెక్కిపోతుంది.

కానీ గాలి తక్కువైతే రెండు అంచులూ అరగాలి. నా టైర్లకు బయటి అంచు మధ్యకంటే బాగానే ఉంది. కాబట్టి గాలి ఒక్కటే కారణం కాదు. ట్రెడ్ మీద అరచెయ్యి అడ్డంగా ఆనించి ఒకవైపు రాస్తే నున్నగా జారింది. వెనక్కి రాస్తే రంపం పళ్ల మీద చెయ్యి పెట్టినట్టు తగిలింది. ఇది టో తేడా గుర్తు, అంటే చక్రాలు నేరుగా కాకుండా ముందువైపు కాస్త లోపలికో బయటికో తిరిగి ఉన్నట్టు.

అలైన్‌మెంట్ షాపులో కుర్రాడు బండిని ర్యాంప్ ఎక్కించి, మెషీన్ పెట్టకముందే ఎడమ చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. "అన్నా, టై రాడ్ ఎండ్‌లో ప్లే ఉంది. ఇది మార్చకుండా అలైన్‌మెంట్ చేసినా నిలవదు, డబ్బులు దండగ" అన్నాడు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు అది. నన్ను కూడా పట్టుకుని చూడమన్నాడు. టక్ టక్‌మని చేతికి తెలిసింది. ఇలాంటి మనిషి దొరికితే షాపు మార్చకండి. ఎండ్ మార్చాక ప్రింటవుట్ తీస్తే రెండు ముందు చక్రాలూ టో అవుట్‌లో, అంటే బయటికి తిరిగి ఉన్నాయి, ఎడమది ఎక్కువ. లోపలి అంచుల లెక్క దానితో సరిపోయింది. తుది సెట్టింగ్ మాత్రం కొత్త టైర్లు వేశాకే చేయించాను.

స్టేజ్ 3: తేదీ చూడటం, కొనడం

టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివర నాలుగు అంకెలు తయారీ తేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. కొన్ని టైర్లకు ఆ అంకెలు ఒక పక్కే ఉంటాయి, బయట కనిపించకపోతే కింద దూరి చూడాల్సిందే.

నావి: ముందు రెండూ 2118, వెనుక రెండూ 2219, స్టెప్నీ 1914.

స్టెప్నీ దగ్గర కాసేపు ఆగాలి. డస్టర్‌కు అది డిక్కీ కింద బయట వేలాడుతుంది. దించితే బురద అచ్చు కట్టి ఉంది, వాల్వ్ మూత విప్పితే పొడిపొడిగా రాలింది. గాలి 14 పీఎస్ఐ. కడిగి చూస్తే లోతు 7.7, దాదాపు కొత్త టైరే. కానీ గాడిని రెండు బొటనవేళ్లతో విప్పదీసి టార్చ్ వేస్తే, అడుగున గాడి పొడవునా సన్నటి పగుళ్లు. పక్కగోడ మీద బ్రాండ్ అక్షరాల చుట్టూ కూడా అవే. రబ్బరు వాడకుండా ఉంచినా గాలికి, వేడికి గట్టిపడుతుంది. టైరు కంపెనీలు సాధారణంగా చెప్పేది ఏమిటంటే, అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడితో చూపించుకోవాలి, ఎంత బాగా కనిపించినా పదేళ్లకు మార్చేయాలి. ఈ డైరీలో ఎక్కువ లోతున్న టైరూ ఇదే, అన్నిటికంటే ముందు పారేయాల్సిందీ ఇదే.

నిర్ణయం: ముందు రెండూ, స్టెప్నీ మార్చాలి. వెనుకవి 2019వి, పగుళ్లు లేవు, ఉబ్బులు లేవు, లోతు 4.3 పైన. ఉంచాలి.

మొదటి షాపులో ధర తేలాక టైర్లు దింపితే వాటి మీద 2722, 2722, 4521 ఉన్నాయి. "గోడౌన్‌లో ఉన్నవి సార్, ఎండ తగల్లేదు" అన్నారు. వయసు లెక్క పెట్టేది తయారీ తేదీ నుంచే అయినప్పుడు కొత్త టైరు డబ్బులిచ్చి మూడేళ్లు పోగొట్టుకోవడం ఎందుకు? వెనక్కి వచ్చేశాను. రెండో షాపులో 0625 దొరికాయి. ధర తేడా టైరుకు రెండు వందలు.

కొనేటప్పుడు:

1. డబ్బులిచ్చే ముందే తేదీ చూపించమనాలి. ఒకే జోడీకి తేదీలు దగ్గరగా ఉండాలి.
2. సైజు పక్కన ఉండే అంకె, అక్షరం చూడాలి. నా బండికి 98హెచ్. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోల బరువు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగం వరకు. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువది తీసుకోకూడదు.
3. వాల్వులు కొత్తవి వేయించాలి. పాత వాల్వ్ మీద కొత్త టైరు వద్దు.

బిగించేటప్పుడు ఒక వాదన జరిగింది. "కొత్తవి ముందరేద్దాం అన్నా, స్టీరింగ్, లాగడం అన్నీ అక్కడే కదా" అన్నాడు ఫిట్టర్. చాలామంది చేసేదీ అదే. కానీ తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టు తప్పితే స్టీరింగ్ తేలికవుతుంది, కాలు తీస్తే బండి నెమ్మదించి దారికొస్తుంది. వెనుకవి పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికైనా ఎక్కువ లోతున్న జోడీ వెనకే ఉండాలి. 2019 జోడీని ముందుకు తెప్పించి, కొత్త జోడీ వెనుక వేయించాను.

పాత మూడింటి పక్కగోడలు నా ఎదుటే కోయించి వదిలేశాను. అరిగిన టైరులో బ్లేడుతో గాడులు లోతు చేసి సెకండ్ హ్యాండ్‌గా అమ్మేవాళ్లున్నారు. ఆ గాడి కింద తీగెల పొర తప్ప ఏమీ మిగలదు. నా బండి నుంచి తీసిన టైరు ఇంకొకరి ఇంట్లో ఏడుపుకి కారణం కాకూడదు.

ఖర్చు: టైర్లు 3 × 9,200 = 27,600. వాల్వులు, ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్ 1,200. టై రాడ్ ఎండ్ కూలీతో 1,500. అలైన్‌మెంట్ 800. ఈ స్టేజ్ 31,100. ఇప్పటికి మొత్తం: ₹32,430

స్టేజ్ 4: ఫ్యాన్ బెల్టు కీచుమనడం

ఫ్యాన్ బెల్టు అంటే ఇంజిన్ బయట ఆల్టర్నేటర్‌ను, ఏసీని తిప్పే బెల్టు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కొద్ది సేపు కీచు శబ్దం. ఏసీ వేస్తే మళ్లీ. రోడ్డు పక్క షెడ్డులో బెల్టుకు సబ్బు రాశారు. శబ్దం ఆగింది, వారం తిరక్కుండా మళ్లీ మొదలైంది, ఈసారి దుమ్ము కూడా అంటుకుని. సబ్బు గానీ, స్ప్రే గానీ బెల్టుకు మందు కాదు.

పరీక్ష ఇలా:

1. వదులు చొక్కా, కండువా, వేలాడే తాడు ఏదీ ఉండకూడదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచాలి, చేతులు దూరంగా ఉండాలి.
2. చిన్న స్ప్రే సీసాతో బెల్టు గాళ్ల వైపు కాస్త నీళ్లు చల్లాలి.
3. శబ్దం తగ్గితే పుల్లీలు ఒక వరుసలో లేవు. పెరిగితే బెల్టు జారుతోంది, అంటే బిగువు పోయింది లేదా గాళ్లు అరిగాయి.

నాది పెరిగింది.

ఇంజిన్ ఆపి బెల్టు తిప్పి చూస్తే ఒక్క పగులు లేదు. "చూశారా, బాగుంది" అని మెకానిక్ చెప్పేది ఇది చూసే. పాతకాలం నియోప్రీన్ బెల్టులు పగుళ్లు చూపించేవి. ఇప్పుడు వచ్చే ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు. టైరులాగా లోపల్లోపల అరిగిపోతుంది. అందుకే దీనికీ కొలతే కావాలి. బెల్టు గాడిలో పెట్టే చిన్న ప్లాస్టిక్ గేజ్ ఒకటి స్పేర్ పార్ట్స్ షాపులో అడిగి తెచ్చుకున్నాను. మంచి బెల్టులో ఆ పుల్ల గట్ల పైకి లేచి ఉంటుంది. నా బెల్టులో గట్లతో సమానంగా దిగిపోయింది. గాడి వెడల్పైతేనే అలా దిగుతుంది. గాళ్ల అడుగు కూడా నిగనిగలాడుతోంది.

బెల్టు తీసేశాక పుల్లీలన్నీ ఒక్కొక్కటిగా చేత్తో తిప్పాను. మంచి బేరింగ్ చప్పుడు చేయకూడదు. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ గరగరమంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ చెయ్యి సగం దాకా వెళ్లి పట్టేస్తోంది. ఒట్టి బెల్టు మార్చి ఉంటే కొత్త బెల్టు కూడా కొన్నాళ్లకే జారేది. మూడూ కలిపి మార్చాలని తేలింది. బెల్టు నంబరు చదవడం తేలిక: 6పీకే1200 అని ఉంటే ఆరు గట్లు, పొడవు 1,200 మి.మీ. మీ బెల్టు మీద ఉన్నదే కొనండి, దగ్గర సైజు వద్దు.

కే9కే ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఈ ఇంజిన్‌లో ఫ్యాన్ బెల్టు చీలికలు లేస్తే ఆ పీచు టైమింగ్ కవర్ లోపలికి దూరి పిస్టన్ల క్రాంక్‌కూ, వాల్వులు తెరిచే క్యామ్‌కూ లంకె వేసే టైమింగ్ బెల్టును పక్కకు నెట్టేయగలదు. అంచు పోగులు లేచిన బెల్టుతో ఒక్క రోజు కూడా తిప్పకండి.

స్టేజ్ 5: టైమింగ్ బెల్టు

టైరుకు లోతుంది, ఫ్యాన్ బెల్టుకు చప్పుడుంది. టైమింగ్ బెల్టు ఏమీ చెప్పదు. పై కవర్ తీసి చూశాను. నల్లగా, పొడిగా, అక్షరాలు చెరగకుండా ఉంది. అయినా మార్చాను. కారణం ఒక్కటే: సర్వీస్ బుక్కులో దీనికి కిలోమీటర్ల గడువు, ఏళ్ల గడువు రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే అది. నా బెల్టు కంపెనీ నుంచి వచ్చినదే, పదకొండేళ్లది. "లక్ష దాటాక" అనేవాళ్లు ఏళ్ల గడువు మర్చిపోతారు. ఇది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, హెడ్ దింపాల్సిందే. డీజిల్ హై ప్రెషర్ పంపునూ, వాటర్ పంపునూ తిప్పేది కూడా ఇదే బెల్టు.

మొదట అడిగిన షెడ్డులో లాకింగ్ పిన్నులు లేవు. "వైట్‌నర్‌తో మార్క్ పెట్టి చేసేస్తాం" అన్నారు. క్రాంక్‌నూ, క్యామ్‌నూ పిన్నులతో బిగించకుండా చేస్తే ఒక్క పన్ను తేడా రావచ్చు. ఒప్పుకోలేదు. ఒంగోలులోనే ఇంకో షెడ్డులో పిన్నులున్నాయి, ముందే చూపించారు. సామాను బెజవాడ ఆటోనగర్ నుంచి నేనే తెచ్చాను: బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకే కిట్‌గా.

పని జరిగిన వరుస:

1. బ్యాటరీ నెగటివ్ విప్పి, కూలెంట్ దించడం.
2. ఫ్యాన్ బెల్టు, క్రాంక్ పుల్లీ, కవర్లు విప్పడం.
3. పిన్నులు పెట్టాక మాత్రమే పాత బెల్టు తీయడం.
4. వాటర్ పంపు, టెన్షనర్, బెల్టు కొత్తవి.
5. క్రాంక్ బోల్టు కొత్తది. ఒకసారి బిగించాక సాగే రకం బోల్టు ఇది, పాతది మళ్లీ వాడకూడదు.
6. పిన్నులు తీసి, స్పానర్‌తో చేత్తోనే క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ పిన్నులు పెట్టి చూడటం. సాఫీగా దిగితేనే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు. దిగకపోతే మళ్లీ మొదటికి రావాలి.

ఆరో అంచె దగ్గర మీరు అక్కడే నిలబడండి. తొందరలో వదిలేసేది దాన్నే.

తీసిన సామాను టేబుల్ మీద పరిచి చూశాను. పాత బెల్టును వెనక్కి వంచితే, ఇంజిన్‌లో ఉన్నప్పుడు కనిపించని వెంట్రుకవాసి పగుళ్లు పళ్ల మొదళ్ల దగ్గర బయటపడ్డాయి. వాటర్ పంపు కింది రంధ్రం నుంచి కూలెంట్ కారి ఎండిన చార, గోటితో గీకితే పొరగా ఊడింది. పంపు ఇంకొంచెం కారి ఉంటే తడిసేది ఈ బెల్టే. అందుకే బెల్టు ఒక్కటే మార్చి పంపు వదిలేస్తే మిగిలే డబ్బు నిజంగా మిగలదు. కూలీ రెండోసారి ఇచ్చుకోవాలి.

ఖర్చు: టైమింగ్ కిట్ పంపుతో 11,500. ఫ్యాన్ బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ 5,200. క్రాంక్ బోల్టు 300. కూలెంట్ 1,400. కూలీ 6,500. 4, 5 స్టేజ్‌లు కలిపి 24,900. ఇప్పటికి మొత్తం: ₹57,330

బానెట్ లోపల స్టిక్కర్ అంటించాను: టైమింగ్ బెల్టు, 97,200 కి.మీ., 2025 జూన్.

స్టేజ్ 6: 99,500 దగ్గర మళ్లీ కొలతలు

- ముందు ఎడమ (2019): 4.2 / 4.2 / 4.1
- ముందు కుడి (2019): 4.3 / 4.3 / 4.2
- వెనుక రెండూ (2025): 8.2 నుంచి 8.1

గేజ్ తేడా 0.1 ఉంటుంది కాబట్టి ఈ అంకెల నుంచి మరీ లోతైన లెక్కలు తీయను. కానీ ముందు టైర్లలో మూడు గాళ్లూ కలిసి దిగుతున్నాయి, లోపలి అంచు ఒంటరిగా పరిగెత్తడం లేదు. అలైన్‌మెంట్ నిలిచింది. చల్లటి ఇంజిన్ మీద, ఏసీ వేసి, వాన తర్వాత కూడా బెల్టు చప్పుడు లేదు. కూలెంట్ గీత దిగలేదు.

మిగిలిన పనులు:

1. నెలకోసారి పొద్దున్నే గాలి చూడాలి, స్టెప్నీతో సహా. దాని కోసం వాల్వ్‌కు పొడిగింపు గొట్టం వెతుకుతున్నాను. కింద పడుకోవాల్సి వస్తే ఎవరూ చూడరు.
2. 10,000 కి.మీ.కు ఒకసారి అలైన్‌మెంట్ ప్రింటవుట్ తీయించి పాతదాని పక్కన పెట్టాలి.
3. ముందు జోడీ మధ్య గాడి వెయ్యికి 0.11 చొప్పున 3.0కి రావడానికి సుమారు 11,000 కి.మీ. ఉంది, అంటే 1,10,000 దాటాక. వయసు చూస్తే 2026 తుపాను వానలనాటికి ఏడేళ్లు దాటతాయి. గడువు 2026 సెప్టెంబర్ అని రాసుకున్నాను. పగులు ఒక్కటి కనిపించినా అంతకు ముందే.